జోనింగ్ బోర్డు ముందు గుడీ మసీదూ ఒకటే

సంపాదకులకు నమస్కారం.

అమెరికాలో ఫలానా ఊళ్లో గుడికి అనుమతి రాలేదనో, మసీదు కట్టనివ్వడం లేదనో వార్త వచ్చినప్పుడల్లా మన పత్రికల్లో అది రెండే రకాలుగా కనిపిస్తోంది. గుడి అయితే ‘హిందువులపై వివక్ష’. మసీదు అయితే ‘ట్రాఫిక్‌పై స్థానికుల ఆందోళన’. ఆ స్థలం ఏ జోన్‌లో (ఎక్కడ ఏం కట్టొచ్చో చెబుతూ ఊరు గీసిన విభాగం) ఉంది, ఆర్డినెన్స్ (ఊరి పాలకవర్గం చేసే స్థానిక చట్టం) ఎప్పటిది, ఎన్ని పార్కింగ్ స్థలాలు అడిగారు అన్నది మాత్రం రెండు వార్తల్లోనూ ఉండదు. వివక్ష దాక్కునేది ఆ అంకెల్లోనే. అందుకే, న్యూజెర్సీలో స్థల ప్రణాళికల పనిలో ఉన్న మేం ఈ ఉత్తరం రాస్తున్నాం.

ఇండియాలో ఈ తగాదా వేరు. రోడ్డు మధ్యలో, పార్కు మూలలో వెలిసే కట్టడాల గొడవ అది. బహిరంగ స్థలాల్లో కొత్తగా ఏ మతం కట్టడాన్నీ రానివ్వొద్దని సుప్రీంకోర్టు 2009 సెప్టెంబర్ 29న చెప్పింది కూడా అలాంటి వాటి గురించే. అమెరికాలో పేచీ సొంత డబ్బుతో కొన్న సొంత స్థలం మీద వస్తుంది. స్థలం మీదే, కానీ అందులో ఏం కట్టుకోవచ్చో టౌన్‌షిప్, అంటే ఆ ఊరి స్థానిక ప్రభుత్వం చెబుతుంది. కొన్ని జోన్లలో ప్రార్థనా మందిరం హక్కుగానే కట్టుకోవచ్చు, ప్లాన్ నిబంధనలకు సరిపోతే చాలు. కొన్నిచోట్ల షరతులతో, అంటే కండిషనల్ యూజ్ కింద ఇస్తారు. ఇంకొన్నిచోట్ల అసలు కుదరదు, వేరియన్స్ అనే మినహాయింపు కోసం బోర్డు ముందు వాదించుకోవాలి. న్యూజెర్సీలో సాధారణంగా మూడు దారుల్లోనూ బహిరంగ విచారణలు ఉంటాయి. అక్కడ ఎవరూ లేచి ‘మాకు మీ మతం నచ్చదు’ అనరు. వాన నీళ్లు, కార్లు, చెట్లు, సెప్టిక్ ట్యాంకు గురించి మాట్లాడతారు. వాటిలో నిజమైన ఇబ్బందులూ ఉంటాయి. ఏది ఇబ్బంది, ఏది సాకు అన్నది లెక్క వేసి చూస్తేగానీ తేలదు.

న్యూజెర్సీలోని బర్నార్డ్స్ టౌన్‌షిప్ కేసు చూడండి. బాస్కింగ్ రిడ్జ్ ఇస్లామిక్ సొసైటీ 2012 ఏప్రిల్‌లో, నాలుగు ఎకరాల పైచిలుకు స్థలంలో 4,252 చదరపు అడుగుల మసీదుకు దరఖాస్తు పెట్టింది. ఆ ప్రాంతంలో అంతకన్నా పెద్ద ఇళ్లే ఉన్నాయి. అప్పటి నిబంధన ప్రకారం ఆ జోన్‌లో ప్రార్థనా మందిరం హక్కుగా కట్టుకోవచ్చు. అయినా మూడున్నరేళ్లలో 39 విచారణలు జరిపి, 2015 డిసెంబర్‌లో కాదన్నారు. మధ్యలో, 2013లో, ఆర్డినెన్స్‌నే మార్చారు: ఇకపై నివాస ప్రాంతాల్లో ప్రార్థనా మందిరానికి కనీసం ఆరెకరాలు ఉండాలని.

ఆ కేసులో కీలకం పార్కింగ్. ఊరి నిబంధన ప్రకారం చర్చికి మూడు సీట్లకు ఒక కారు స్థలం. మసీదుకు వచ్చేది 150 మంది, కాబట్టి 50 స్థలాలు. సొసైటీ ప్లాన్‌లో సరిగ్గా అన్నే చూపించింది. బోర్డు 107 కావాలంది. శుక్రవారం మధ్యాహ్నం జనం ఆఫీసుల నుంచి ఎవరి కారులో వాళ్లు వస్తారు, ఆదివారం చర్చికి కుటుంబమంతా ఒకే కారులో వస్తుంది, కాబట్టి చర్చి లెక్క మసీదుకు పనికిరాదని వాదన. వినడానికి సబబుగానే ఉంటుంది. అదనంగా అడిగిన ఆ 57 స్థలాల వల్ల ప్లాన్ ఏమవుతుందో కాగితం మీద పెట్టి చూడండి. ఒక్కో కారు నిలిచే గడి 9 అడుగుల వెడల్పు, 18 అడుగుల పొడవు. కారు తిరగడానికి వదిలే దారి కూడా కలిపితే ఒక్కోదానికి 300 నుంచి 350 చదరపు అడుగుల తారు పడుతుంది. 325 చొప్పున వేసుకుంటే 57కి 18,500 చదరపు అడుగులు, అంటే ఎకరంలో నలభై శాతం దాటిపోతుంది. న్యూజెర్సీలో నీరు ఇంకని నేల పావు ఎకరం, అంటే 10,890 చదరపు అడుగులు పెరిగితే చాలు, వాన నీటి నిబంధనలు మొత్తం వర్తిస్తాయి. ఆ నీళ్లకు గుంట తవ్వాలి. గుంటకు చోటు కావాలంటే సరిహద్దులో చెట్లు పోతాయి. చెట్లు పోతే పక్కింటివారికి కార్ల లైట్లు కనిపిస్తాయి. వచ్చే విచారణలో ‘ఈ స్థలానికి ఇది మరీ పెద్ద ప్రాజెక్టు’ అని అభ్యంతరం వస్తుంది. మసీదు ఒక్క అడుగు కూడా పెరగలేదు. పార్కింగ్ అంకె ఒక్కటి మారింది, అంతే.

2016 డిసెంబర్ 31న ఫెడరల్ జడ్జి సూటిగా తేల్చేశారు. ఆర్డినెన్స్‌లో ‘చర్చి’ అన్నప్పుడు అందులోకి మసీదూ వస్తుంది. చర్చికి ఒక నిష్పత్తి, మసీదుకు ఇంకో నిష్పత్తి పెట్టడమంటే మతాన్ని బట్టి తేడా చూపడమే. అంతకు ముందే, నవంబర్‌లో, కేంద్ర న్యాయ శాఖ కూడా టౌన్‌షిప్ మీద దావా వేసింది. 2017 మేలో టౌన్‌షిప్ 32.5 లక్షల డాలర్లకు రాజీపడింది. మసీదుకు అనుమతి వచ్చింది.

ఆ శుక్రవారం వాదన మన గుడులకు ఎంత తేలికగా తగులుకుంటుందో చూడండి. మనకు ఆదివారం ఒక్కటే కాదు. శనివారం వేంకటేశ్వరుడు, సోమవారం శివుడు, గురువారం సాయిబాబా. పనిరోజు సాయంత్రం ఆఫీసు నుంచి ఎవరి కారులో వాళ్లు గుడికి వెళ్లేవాళ్లం మనమే. బర్నార్డ్స్ బోర్డు మాట నెగ్గి ఉంటే, న్యూజెర్సీలో తర్వాతి గుడి దరఖాస్తు మీద ఆ అంకెలే ముందుగా పడేవి.

న్యూజెర్సీలోనే ఉన్న బ్రిడ్జ్‌వాటర్ అనగానే మనవాళ్లకు గుర్తొచ్చేది శ్రీ వేంకటేశ్వర ఆలయం. అదే ఊళ్లో 2011 జనవరిలో అల్ ఫలా సెంటర్ ఒక పాత హోటల్, విందుల హాలు ఉన్న భవనాన్ని మసీదుగా మార్చుకుంటామంది. పెళ్లి విందులు జరిగిన హాలే అది. రెండు నెలలు తిరగగానే, మార్చిలో, ప్రార్థనా మందిరాలు పేర్కొన్న పెద్ద రోడ్ల మీదే ఉండాలని టౌన్‌షిప్ ఆర్డినెన్స్ తెచ్చింది. ఆ స్థలం ఆ రోడ్ల మీద లేదు. మసీదు పేరు ఆర్డినెన్స్‌లో ఎక్కడా లేదు, అన్ని మతాలకూ ఒకే మాట. కానీ తెచ్చిన సమయమే అసలు కథ చెబుతోంది. 2013లో కోర్టు ఆ ఆర్డినెన్స్‌ను ఈ దరఖాస్తుకు వర్తింపజేయకుండా ఆపింది. 2014 చివర్లో 77.5 లక్షల డాలర్ల రాజీ కుదిరింది, అల్ ఫలాకు వేరేచోట 15 ఎకరాలు దొరికాయి. ఇందులో మరో మెలిక ఉంది. దరఖాస్తు పెట్టిన రోజు ఉన్న నిబంధనలే దానికి వర్తించాలన్న న్యూజెర్సీ చట్టం 2011 మేలో అమల్లోకి వచ్చింది. ఆర్డినెన్స్ వచ్చింది మార్చిలో, కాబట్టి ఆ చట్టం అండ ఈ దరఖాస్తుకు దొరకలేదు.

అన్నిచోట్లా పార్కింగే అనుకోకండి. వర్జీనియాలోని కల్పెపర్ కౌంటీలో (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) సాకు మురుగు నీరు. అక్కడి ఇస్లామిక్ సెంటర్ కొనదలచిన స్థలంలో నేల సెప్టిక్‌కు పనికిరాదు, కాబట్టి ట్యాంకులో నింపి లారీతో తరలించే అనుమతి అడిగారు. ఆ కౌంటీకి 1992 నుంచి అలాంటి దరఖాస్తులు 26 వచ్చాయి. వ్యాపారానికైనా, ప్రార్థనా మందిరానికైనా ఒక్కదాన్నీ అంతకు ముందు కాదనలేదు. 2016లో దీన్ని కాదన్నారు. న్యాయ శాఖ దావా వేశాక రాజీకి వచ్చారు. పాత రికార్డు ఎందుకు తవ్వి తీయాలో ఈ 26 చెబుతుంది.

కాలిఫోర్నియా యూబా సిటీ దగ్గర సిక్కుల గురుద్వారాది ముందు నుయ్యి, వెనుక గొయ్యి వ్యవహారం. మొదట ఇళ్ల మధ్య 1.89 ఎకరాల స్థలానికి దరఖాస్తు పెడితే చప్పుడు, ట్రాఫిక్ అన్నారు. సరేనని ఊరికి దూరంగా వ్యవసాయ జోన్‌లో 28.79 ఎకరాలు కొన్నారు. ఒకేసారి 75 మందికి మించకుండా చూస్తామన్నారు, అధికారులు పెట్టిన షరతులన్నీ ఒప్పుకున్నారు. ప్లానింగ్ కమిషన్ 4-3తో అవునంది. పైనున్న సూపర్‌వైజర్ల బోర్డు 4-0తో కాదంది. కారణం, ఊరికి మరీ దూరమట. 2006లో తొమ్మిదో సర్క్యూట్ ఫెడరల్ అప్పీళ్ల కోర్టు రెండు తిరస్కరణలనూ పక్కపక్కన పెట్టి చూసింది. ఈ కారణాలను బట్టి చూస్తే కౌంటీలో వీళ్లకు ఇంకెక్కడా చోటు దొరికే అవకాశం లేదు, ఇది మతాచరణ మీద గణనీయమైన భారమేనంది.

ఈ కేసులన్నిటికీ ఆధారం 2000 సెప్టెంబర్ 22న క్లింటన్ సంతకం చేసిన చట్టం. పూర్తి పేరు ‘రిలీజియస్ ల్యాండ్ యూజ్ అండ్ ఇన్‌స్టిట్యూషనలైజ్డ్ పర్సన్స్ యాక్ట్’, లాయర్లు ముద్దుగా ‘ఆర్‌లూపా’ అంటారు. భూమి విషయంలో అది చెప్పేవి నాలుగు మాటలు. మతాచరణ మీద గణనీయమైన భారం వేస్తే, అందుకు తప్పనిసరి ప్రజా ప్రయోజనం ఉందనీ, అంతకన్నా తక్కువ భారం వేసే మార్గం లేదనీ ప్రభుత్వమే రుజువు చేసుకోవాలి. క్లబ్బులకు, హాళ్లకు ఇచ్చిన చోటు ప్రార్థనా మందిరానికి కాదనకూడదు. ఫ్లోరిడాలోని సర్ఫ్‌సైడ్‌లో వ్యాపార వీధిలో ప్రైవేటు క్లబ్బులు ఉండొచ్చు గానీ సినగాగ్ (యూదుల ప్రార్థనా మందిరం) కూడదన్న నిబంధన 2004లో పడిపోయింది ఈ మాట మీదే. ఒక మతానికీ ఇంకో మతానికీ తేడా చూపకూడదు. ఊరి పొలిమేరల్లో ఎక్కడా చోటు లేకుండా చేయకూడదు. న్యూజెర్సీలోనే టామ్స్ రివర్ ప్రార్థనా మందిరాలకు కనీసం పదెకరాలు అంది. ఇబ్బంది పడింది ముఖ్యంగా ఆర్థడాక్స్ యూదులు. వాళ్లు సబ్బాతు (వారానికోసారి వచ్చే విశ్రాంతి దినం) రోజు కారెక్కరు, నడిచి వెళ్లగలిగేంత దగ్గర్లో చిన్న సినగాగ్ ఉండాలి. ఇళ్ల మధ్య పదెకరాలు ఎక్కడ దొరుకుతాయి? 2021లో న్యాయ శాఖతో రాజీపడి దాన్ని రెండెకరాలకు తగ్గించారు.

ఈ భారం అన్ని మతాల మీదా సమానంగా పడటం లేదు. 2000 నుంచి 2010 వరకు ఈ చట్టం కింద న్యాయ శాఖ జరిపిన విచారణల్లో మసీదులు, ముస్లిం పాఠశాలలవి 15 శాతం. 2010 నుంచి 2016 మధ్య అవి 38 శాతం. దేశ జనాభాలో ముస్లింలు ఒక శాతం చిల్లర. మన గుడి కమిటీలు ఏ కేసుల నీడన నిలబడుతున్నాయో ఈ అంకెలు చూసుకుంటే తెలుస్తుంది.

అయితే ఆర్‌లూపా ఉంది కదా అని జబ్బలు చరుచుకోవడానికి లేదు. అది జోనింగ్ నుంచి మినహాయింపు కాదు. షికాగోలో చర్చిలు వేసిన దావాలో 2003లో ఏడో సర్క్యూట్ కోర్టు స్పష్టంగా చెప్పింది: స్థలం దొరకడం కష్టం, ఖర్చు ఎక్కువ, తిరగాల్సి వచ్చింది అన్నవి అందరికీ ఉండే బాధలే, గణనీయమైన భారం కావు. చర్చిలు ఓడిపోయాయి.

గుడి కమిటీలు చేసే తప్పులు మాకు కంఠతా వచ్చు. మొదటిది, ముందు స్థలం కొని తర్వాత లాయర్ని వెతకడం. చట్టం ప్రకారం భూమి మీద హక్కు అంటే రిజిస్ట్రేషనే కానక్కర్లేదు. లీజు, కొనుగోలు ఒప్పందం, ఆప్షన్ (తర్వాత కొనుక్కునే హక్కు) ఏదున్నా చాలు. జోనింగ్ అనుమతి వచ్చి, దాని మీద అప్పీలు గడువు కూడా ముగిశాకే క్లోజింగ్ (డబ్బు కట్టి స్థలం మన పేరుకు మార్చుకోవడం) అని ఒప్పందంలో రాయించుకోవాలి. అది లేకుండా కొంటే 39 విచారణలు జరిగినన్నాళ్లూ పన్నూ వడ్డీ కమిటీ నెత్తినే.

రెండోది జనం లెక్క. నిబంధనలు సీట్ల మీద రాస్తారు, గుడిలో బెంచీలు ఉండవు. అప్పుడు వ్యతిరేకించేవారి నిపుణుడు బిల్డింగ్ కోడ్ తెరుస్తాడు. అందులో కుర్చీలు మాత్రమే వేసే హాలుకు మనిషికి 7 చదరపు అడుగులు, బల్లలూ కుర్చీలూ వేసే హాలుకు 15. మీ హాలు 3,000 చదరపు అడుగులనుకోండి. 7 చొప్పున 428 మంది, మూడింట ఒకటి అంటే 143 కార్లు. 15 చొప్పున 200 మంది, 67 కార్లు. నిజానికి ఆ పట్టిక అగ్నిప్రమాదంలో తలుపులు సరిపోతాయా అని చూడటానికి, పార్కింగ్‌కు కాదు. ఆ మాట మీ ఇంజినీరు సాక్ష్యంలో చెప్పాలి. అలాంటి మరో రెండు గుడుల దగ్గర వరుసగా కొన్ని వారాలు గంటగంటకూ కార్లు లెక్కపెట్టించి ఆ కాగితం చేతికివ్వాలి. దర్శనానికి వచ్చేవాళ్లు ప్రదక్షిణ చేసి, తీర్థం పుచ్చుకుని పోతారు, చర్చిలోలాగా అందరూ ఒకే గంటకు వచ్చి ఒకే గంటకు లేవరు. ఇది మనకు అనుకూలమైన విషయం, లెక్కలతో చెబితేనే. ఉగాది, వైకుంఠ ఏకాదశి, శ్రీరామనవమి లాంటి రోజులకు విడిగా ప్లాన్ పెట్టండి: ఏ స్కూలు పార్కింగ్ వాడుకుంటారో ఒప్పంద పత్రం, షటిల్ బస్సు, పోలీసు.

బోర్డు ముందు ‘ఏ వారమూ 120 మందికి మించరు’ అని చెప్పి, విరాళాల బ్రోచర్లో ‘ఉత్తర అమెరికాలోనే అతి పెద్ద క్షేత్రం, వేలాది కుటుంబాలకు’ అని అచ్చు వేసే కమిటీలు ఉన్నాయి. అవతలివారి లాయరు చేసేదల్లా దాన్ని రంగుల్లో ప్రింటు తీసి ఎగ్జిబిట్‌గా పెట్టడమే. తర్వాత మీ మాట ఒక్కటీ నమ్మరు, దానికి మతంతో పని లేదు.

మూడోది, కట్టబోయేవన్నీ దరఖాస్తులో రాయకపోవడం. కల్యాణ మండపం, అన్నదానం వంటశాల, అర్చకుల నివాసం, బాలవిహార్ తరగతులు, ఆరుబయట హోమం, మైకుతో ఊరేగింపు ఇవన్నీ మనకు గుడిలో భాగమే. బోర్డు దృష్టిలో ఒకటి విందుల హాలు, ఒకటి కమర్షియల్ కిచెన్, ఒకటి ఇల్లు, ఒకటి బడి. మొదటే గుడికి అనుబంధంగా చూపించి, ఆచారంలో వాటి స్థానమేంటో అర్చకుల సాక్ష్యంతో రికార్డుకెక్కిస్తే కోర్టు ఆ రికార్డే చూస్తుంది. వదిలేస్తే ఒక్కోదానికీ మళ్లీ మొదటి నుంచి దరఖాస్తు. గోపురం కూడా అంతే. చాలా ఆర్డినెన్స్‌లలో చర్చి శిఖరానికి ఎత్తు పరిమితి నుంచి మినహాయింపు ఉంటుంది. రాజగోపురం ఆ మాటలోకి వస్తుందని రాతపూర్వకంగా అడిగి తేల్చుకోవాలి.

న్యూజెర్సీలో ఓట్ల లెక్క ఇంకో ముచ్చట. ఆ జోన్‌లో లేని వాడకానికి వేరియన్స్ అంటే ఏడుగురు సభ్యుల బోర్డులో ఐదు ఓట్లు రావాలి. ఆ రాత్రి ఐదుగురే వచ్చారనుకోండి, ఒక్కరు కాదన్నా పోయినట్టే. అలాంటప్పుడు మొహమాటపడకుండా వాయిదా అడగాలి. ఇక్కడి రాష్ట్ర కోర్టులు ప్రార్థనా మందిరాన్ని సహజంగానే ప్రజలకు మేలు చేసే వాడకంగా గుర్తిస్తాయి, ఆ మాట లాయరు నోట మొదటి రోజే రావాలి. కాదన్న తీర్మానం పత్రికలో ప్రకటన పడిన రోజు నుంచి రాష్ట్ర కోర్టుకు వెళ్లడానికి 45 రోజులే గడువు. ఆర్‌లూపా దావాకు నాలుగేళ్లు. ఆ నాలుగేళ్లను చూసుకుని ఈ 45 రోజులు పోగొట్టుకోకండి.

తెలుగువారు దరఖాస్తుదారులే కాదు, ఇరుగుపొరుగు కూడా. న్యూజెర్సీలో మీ ఇల్లు 200 అడుగుల లోపు ఉంటే విచారణకు కనీసం పది రోజుల ముందు సర్టిఫైడ్ మెయిల్‌లోనో చేతికో నోటీసు అందుతుంది. పక్కన రాబోయేది మసీదో, చర్చో, సినగాగో కావచ్చు. మీకు ట్రాఫిక్ భయం నిజంగా ఉంటే మైకు ముందుకు వెళ్లి అడగాల్సినవి అడగండి: కార్లు లెక్కపెట్టింది ఏ రోజు, ఏ గంటలో? కుడివైపు తిరిగే లేను పొడవెంత? వాన నీరు ఏ కాలువలో కలుస్తుంది? ఎవరు, ఎక్కడి నుంచి, ఎందుకు వస్తారు అన్న ప్రశ్నలు అడిగి పక్కవాళ్లతో కలిసి చప్పట్లు కొట్టడమంటే కూర్చున్న కొమ్మను నరుక్కోవడమే. అక్కడ ప్రమాణం చేయించి మాట్లాడిస్తారు, ప్రతి మాటా రికార్డవుతుంది. జనం ద్వేషానికి బోర్డు తలొగ్గిందని రుజువైతే పరిహారం చెల్లించేది టౌన్‌షిప్, అంటే కొంత మీ పన్ను డబ్బే.

పత్రిక వారికి మా విన్నపం ఒక్కటే. ఈసారి ఇలాంటి వార్త వచ్చినప్పుడు తరచూ ఆ ఊరి వెబ్‌సైట్లోనే దొరికే తీర్మానం కాపీ తెప్పించుకుని, దరఖాస్తు తేదీ, ఆర్డినెన్స్ మార్చిన తేదీ, అడిగిన పార్కింగ్ ఎంత, అదే ఊళ్లో చర్చిని అడిగింది ఎంత అన్న నాలుగూ వేయండి. మేమైతే ఆ నాలుగు అంకెలు చూశాకే శీర్షిక చదువుతాం.

ఇట్లు,
స్థల ప్రణాళికలు, ట్రాఫిక్ లెక్కల పనిలో ఉన్న కొందరు తెలుగువారు,
న్యూజెర్సీ